కలకత్తా విద్యార్థుల మెస్సులు

చదువు కొఱకు ఊరు విడుచుట ఈ దేశమున క్రొత్త కాదు. గురుకులమునకు పోయినవాడును, టోలు అను బెంగాలీ సంస్కృత పాఠశాలకు పోయినవాడును, మదర్సాకు పోయినవాడును ఊరు విడిచినవారే. ఐతే అక్కడ చదువును అన్నమును తఱచు ఒక్క కప్పు క్రిందనే లభించెడివి. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములందు విశ్వవిద్యాలయములు ఏర్పడినప్పుడు ఈ రెండును వేఱయ్యెను. వాటికి నమూనాగా గ్రహింపబడినది విద్యార్థులు కళాశాలలోనే నివసించు ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి పద్ధతి కాదు. నాటి లండను విశ్వవిద్యాలయపు పద్ధతి. అది కళాశాలలను తనకు అనుబంధము చేసికొనును, పరీక్షలు పెట్టును, పట్టములిచ్చును. పరీక్షకు వచ్చిన పిల్లవాడు రాత్రి ఎక్కడ పండుకొనెను, ఏమి తినెను అనునది దాని లెక్కలోనిది కాదు. ఆ లెక్క చూచుకొనవలసినవాడు నగరమును ఎన్నడు చూచి యెఱుగని పల్లెటూరి యువకుడు.

వానికి గది దొరకుట కష్టమే. కాని గదిని మించిన కష్టము పొయ్యి. ఎవరి వంట ఎవరు తినవచ్చును, ఎవరి ప్రక్కన ఎవరు విస్తరి వేసికొనవచ్చును, తినిన పళ్ళెము ఎవరు కడుగవలెను అను ప్రశ్నలు తేలిన తరువాతనే అద్దె ప్రసంగము.

విశ్వవిద్యాలయము పుట్టకమునుపే ఈ చిక్కు ఉండెను. 1828లో ఎనిమిదేండ్ల ఈశ్వరచంద్రుడు తండ్రి ఠాకూర్‌దాసు వెంట వీరసింహ గ్రామమునుండి కలకత్తాకు నడచి వచ్చెను. యాభై మైళ్ళకు పైబడిన దారి. త్రోవలోని మైలురాళ్ళను చూచి ఆ బాలుడు ఇంగ్లీషు అంకెలు నేర్చుకొనెనను సంగతి చదువుకొన్నవారందఱు ఎఱుగుదురు. కలకత్తాలో వారికి తావు దొరకినది బడాబజారునందు, తండ్రికి మునుపే ఆశ్రయమిచ్చిన సింహ కుటుంబమువారి ఇంట. ఆ ఇంటి ఆడపడుచు రాయిమణి బాలుని తన బిడ్డతో సమానముగా చూచెను. తాను స్త్రీల పక్షపాతినని లోకము అనుచున్నచో దానికి కారణము ఆమెయేనని విద్యాసాగరుడు తన అసంపూర్ణమైన ఆత్మకథలో కృతజ్ఞతతో వ్రాసికొనెను. ఐనను ఆ ప్రేమ వంటింటి గడప దాటలేదు. బ్రాహ్మణేతరుల ఇంట నివసించు బ్రాహ్మణ బాలుడు తన వంట తాను చేసికొనవలసినదే. సంస్కృత కళాశాలలో చదువుచున్న ఏండ్లలో ఈశ్వరచంద్రుడు బజారు చేయుట, తండ్రికిని తమ్ములకును వండి పెట్టుట, అంట్లు తోముట తానే నిర్వహించెను. వీధి దీపము క్రింద చదివెనను కథను అందఱు చెప్పుకొందురు. కలకత్తాలో గ్యాసు దీపములు వెలిగినది 1857లో. అప్పటికి ఆయన చదువు ముగిసి పదునాఱేండ్లు. కుంపటి ముందు గడచిన గంటల మాటయే నిశ్చయముగా చెప్పదగినది, చెప్పువారు మాత్రము తక్కువ.

అన్నము దొరకు మార్గములు ప్రాంతమునకొక విధముగా ఉండెను. తెలుగునాట బీద బ్రాహ్మణ బాలురు దినమునకొక ఇంట తినుచు 'వారములు' చేసికొని చదివెడివారు; మహారాష్ట్రమునను ఇట్టి ఆచారమే ఉండెను. తూర్పు బెంగాలున ముసల్మాను బాలుడు సంపన్నుని ఇంట 'జాయ్‌గీరు' ఉండి, ఆ ఇంటి పిల్లలకు చదువు చెప్పి, అందులకు బదులుగా తిండియు తావును పొందెడివాడు. డబ్బిచ్చి తినగలవారికి పూటకూళ్ళ ఇండ్లు కలవు. టంగుటూరి ప్రకాశముగారి తల్లి ఒంగోలులో అట్టి ఇంటిని నడపియే కుమారుని చదివించెను. ఇవి అన్నియు ఒకరి దయకో ఒకరి పొయ్యికో లోబడిన మార్గములు. విద్యార్థులు తమ పొయ్యిని తామే రాజవేసికొన్న ఏర్పాటు కలకత్తా మెస్సు.

దాని నిర్మాణము సరళమైనది. ఒక జిల్లాకు చెందిన పదిమందో పదునైదుమందో కలసి కాలేజీ వీధికి చేరువగా ఒక ఇంటిని అద్దెకు తీసికొనెడివారు. పెండ్లికాని కుఱ్ఱవాండ్రకు ఇల్లిచ్చుటకు యజమానులు జంకుదురు కనుక, ఊరిపేరు చెప్పి పూచీపడు పెద్దవాడొకడు కావలసివచ్చెడిది. గదిని మొత్తముగా తీసికొనువారు అరుదు; 'సీటు' తీసికొనెడివారు. సీటనగా ఒక చెక్క మంచము పట్టునంత స్థలము, దాని క్రింద ట్రంకుపెట్టె, ప్రక్కగోడకు చొక్కా తగిలించుకొను మేకు. వంటకు ఒక బ్రాహ్మణుని, చాకిరికి ఒక నౌకరును నియమించుకొనెడివారు. వంటవానిని 'ఠాకూర్' అనుట పరిపాటి. బియ్యము, చేపలు, నూనె, బొగ్గు మొదలగువాని ఖర్చును నెలాఖరున మొత్తము భోజనముల సంఖ్యతో భాగించి ఎవరి వంతు వారికి వేసెడివారు. చుట్టము వచ్చి తినినచో ఆ పూట లెక్క పిలిచినవాని పేరనే పడును. తూర్పు జిల్లాలనుండి వచ్చినవాడు సియాల్దా స్టేషనులో దిగి, చేతనున్న చీటిలోని చిరునామా పట్టుకొని, పెట్టె మోయించుకొని నడచి పోగలిగినంత దూరముననే ఈ మెస్సులు ఉండెను.

సిల్హెట్టునుండి 1870వ దశాబ్దమున ప్రెసిడెన్సీ కళాశాలలో చదువ వచ్చిన బిపిన్ చంద్ర పాల్ తరువాతి కాలమున ఆంగ్లమున వ్రాసిన స్మృతులలో నాటి మెస్సులను చిన్న చిన్న గణతంత్రములతో పోల్చెను. ప్రతి విషయమును అధిక సంఖ్యాకుల అభిమతముననుసరించియే తీర్మానింపబడెడిది. నెలకొక మేనేజరును సభ్యులందఱు ఎన్నుకొనెడివారు. బాకీలు వసూలు చేయుట, తిండి ఏర్పాట్లు చూచుట అతని విధి. సమర్థుని మరల మరల నిలువుమని బతిమాలెడివారు. ఇద్దఱి నడుమ తగవు వచ్చినచో సభ్యులందఱు న్యాయస్థానముగా కూడి రాత్రులు మేలుకొని విచారించెడివారు. శాసనసభకు ప్రతినిధిని ఎన్నుకొను హక్కు ఏ భారతీయునకును లేని దినములవి. ఓటు వేయుట, ఓడిపోయి కూడ మరునాడు అదే పంక్తిలో కూర్చుండి తినుట అను విద్యను మన రాజకీయ నాయకులలో కొందఱు చేపల ధరమీది చర్చలలోనే నేర్చినారనుట అతిశయోక్తి కాదు. కాని ఆ గణతంత్రమునకు పౌరుడగుటకు ముందు దాని వంటింట అంగీకృతుడు కావలెను. ఆ అంగీకారమునకు ఓటు ఉండెడిది కాదు. అది పుట్టుకతోనే తేలిపోవును.

ప్రభుత్వము ఈ ఇండ్లవైపు చూచినది ఆలస్యముగా. 1904 నాటి విశ్వవిద్యాలయముల చట్టము, తల్లిదండ్రులతోనో సంరక్షకులతోనో నివసింపని విద్యార్థికి కళాశాలలోగాని, కళాశాల ఆమోదించిన ఇంటగాని వసతి ఉండవలెనని నిర్దేశించెను. ఆ మరుసటి యేడు వంగ విభజనము, స్వదేశీ ఉద్యమము. అటుపిమ్మట మెస్సు అనగానే పోలీసువారికి బాంబు తోచుట మొదలయ్యెను. 1917లో నియమితమైన శాడ్లరు కమిషను మాత్రము ఈ సమస్యను ఆరోగ్య దృష్టితోను విద్యా దృష్టితోను సావధానముగా పరిశీలించి 1919లో నివేదిక సమర్పించెను. ఇవి అన్నియు పురుషుల మాటలే. కళాశాలకు వచ్చిన ఆడపిల్లకు బంధువుల ఇల్లో, కళాశాల వసతిగృహమో తప్ప అద్దె సీటు అను ఊహయే నాడు లేదు.

బెంగాలీ సాహిత్యము మెస్సును చాల ప్రేమించినది. శరదిందు బంద్యోపాధ్యాయుని వ్యోమకేశుడు మొదటి కథలో ప్రవేశించుటయే కలకత్తా మెస్సులో తావు వెదకుకొనుచు వచ్చినవాడై; ఖాళీ లేకపోగా అజిత్ తన గదిలో అతనికి చోటిచ్చును. ప్రేమేంద్ర మిత్రుని ఘనాదా 1945 నుండి చెప్పిన కోతలలో పెక్కు ఒక మెస్సులోనివే. 1953లో వచ్చిన 'సాడే చుయాత్తర్' చలనచిత్రమున మెస్సు నవ్వుల పుట్ట. ఈ కథలలో ఎంగిలి పళ్ళెము చిక్కుగా పరిణమించుట కనబడదు. చరిత్రలో కనబడును. 1920లో సైన్యమునుండి తిరిగివచ్చిన నజ్రుల్ ఇస్లాం మొదట తన బాల్యమిత్రుడు శైలజానంద ముఖోపాధ్యాయుని వసతిలో దిగెను. అతడు ముసల్మానని తెలిసినంతనే అక్కడి పనివాడు అతడు తినిన పాత్రలు కడుగ నిరాకరించెను. నజ్రుల్ తన మూట తీసికొని కాలేజీ వీధి 32వ నంబరునందలి ముసల్మాను సాహిత్య సమితి కార్యాలయమున ముజఫర్ అహమ్మదు చెంతకు చేరెను.

నజ్రుల్ అప్పటికి విద్యార్థి కాదు. విద్యార్థి దశ యావత్తు ఈ పళ్ళెముతోనే గడపినవాడు మేఘనాద్ సాహా. 1893లో ఢాకా జిల్లా శేవడాతలిలో చిన్న దుకాణదారునికి జన్మించెను. ఊరిలో ప్రాథమిక పాఠశాల తప్ప లేదు. పై చదువు కొన్ని మైళ్ళ దూరమున శిమూలియాలో. అక్కడి వైద్యుడు అనంత కుమార్ దాసు బాలునికి ఉచితముగా తావును తిండియు ఇచ్చుటకు ఒప్పుకొనెను. షరతులు రెండు: ఇంటి ఆవును చూచుకొనవలెను, తాను తినిన పళ్ళెము తానే కడుగుకొనవలెను. వైద్యుని ఔదార్యము నిజమైనదే. అది లేకున్నచో సాహా దుకాణములోనే ఉండిపోయెడివాడు. ఆ ఔదార్యమునకు కూడ కులము గీసిన గీత ఒకటి ఉండెననుటయు నిజమే. రెండింటిలో ఏ ఒక్కదానినో చెప్పి రెండవదానిని దాచిన జీవితచరిత్రలు సగము చరిత్రలే.

1911లో సాహా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి ఈడెన్ హిందూ హాస్టలులో ప్రవేశించెను. ఇది పూచీ కావలసిన అద్దె ఇల్లు కాదు; నియమావళియు పర్యవేక్షకుడును కల వసతిగృహము. ఐనను అగ్రకుల విద్యార్థులు కొందఱు ఆయన తమతోబాటు భోజనశాలలో కూర్చుండుటకు అభ్యంతరము చెప్పిరి. శిమూలియాలో ఒక గృహస్థు పెట్టిన షరతును ఇక్కడ తోటి విద్యార్థులే పెట్టిరి.  కొన్నాళ్ళకు సాహా హాస్టలు విడిచి కాలేజీ వీధిలోని ఒక మెస్సునకు మారెను. మెస్సులన్నియు ఉదారములని దీని అర్థము కాదు. నజ్రులునకు జరిగినది పిమ్మటి మాటయే. కాని అద్దె ఇంటిలో ఒక సౌకర్యము కలదు. హాస్టలు పంక్తిని మార్చుటకు నలుగురి వలన కాదు. మెస్సులోనైతే కలసి తినుటకు సమ్మతించిన నలుగురు చాలును.

1915లో ఎం.ఎస్‌సి. గణిత పరీక్షలో సత్యేంద్రనాథ్ బోసు ప్రథముడుగా, సాహా ద్వితీయుడుగా ఉత్తీర్ణులైరి. బోసు కలకత్తావాడు, తండ్రి ఇంటినుండియే కళాశాలకు వచ్చి పోవుచుండెను.