కళావరు ఏ భాష మాట?

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లూ బెంగాలీలూ కలిసి పేకాటకు కూర్చుంటే ఒక్కో ముక్క రెండేసి పేర్లతో పడుతుంది. మన ఆఠీను వాళ్లకు హరతన్, డైమను రుయితన్, ఇస్పేటు ఇస్కాపన్, కళావరు చిడితన్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలున్న ఊరిది. భాషాశాస్త్రజ్ఞుడికి ఇంతకంటే మంచి ప్రయోగశాల దొరకడం కష్టం.

డచ్చివాళ్లు ఈ రంగులను హార్టెన్, రౌటెన్, స్ఖోపెన్, క్లావెరెన్ అంటారు. బెంగాలీ పేర్లలో మొదటి మూడూ వీటి నుంచి వచ్చినవే. నాలుగోది జారిపోయింది, చిడితన్‌లో డచ్చి తోక మాత్రం మిగిలింది. అక్కడ పోయిన క్లావర్ తెలుగులో కళావరుగా బతికే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంగ్లీషులో ఆ ముక్క 'క్లబ్' కాబట్టి అది అటునుంచి వచ్చిందనడం కుదరదు. ఆఠీనుకూ హార్టెన్‌కూ ఉన్న పోలిక చెవికే తెలుస్తుంది. హుగ్లీ ఒడ్డున చిన్సురా, తెలుగు తీరాన మచిలీపట్నం, భీమునిపట్నం డచ్చివారి స్థావరాలే కదా!

అయితే డచ్చితోనే కథ ముగియదు. ఈ నాలుగు బొమ్మలూ ఫ్రెంచి పేకలవి. క్లావర్ అంటే మూడాకుల గడ్డి, ఫ్రెంచి 'త్రెఫ్ల్'కూ అదే అర్థం. బొమ్మ ఫ్రెంచిది, పేరు డచ్చిది. తురుపు ముక్క సంగతి ఇంకా తమాషా. దాని మూలంగా చెప్పే డచ్చి 'త్రూఫ్' కూడా ఫ్రెంచి 'త్రియోంఫ్' నుంచి వచ్చిందే. డచ్చి ఒక్కటే చదివినవాడు సగం దారిలో ఆగిపోతాడు. ఫ్రెంచి ఒక్కటే చదివినవాడికి ఆ దారే కనబడదు.

చరిత్రకారుడికీ ఇదే చిక్కు. గోల్కొండ గురించి వజ్రాల వర్తకుడు తావెర్నియే 1676లో ఫ్రెంచిలో అచ్చువేశాడు. డచ్చి కంపెనీ ఉద్యోగి డానియల్ హావర్ట్ కోరమండల్ తీరం గురించి 1693లో డచ్చిలో రాశాడు. వజ్రాల వర్తకుడు చూసిందీ, కంపెనీ ఉద్యోగి చూసిందీ ఒకటి కాదు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి మూలంలో చదివితేనే కుతుబ్‌షాహీల కాలం సరిగా అందుతుంది. ఆంగ్లానువాదాల మీద ఆధారపడితే అనువాదకుడి అభిరుచి కూడా చరిత్రగా చలామణి అవుతుంది.

బెల్జియంలో డచ్చి, ఫ్రెంచి రెండూ అధికార భాషలు. అక్కడి ఘెంట్ విశ్వవిద్యాలయంలో రెండు భాషలను జతగా తీసుకునే డిగ్రీ ఉంది, డచ్చి-ఫ్రెంచి జత అక్కడ వింత కాదు. మనకు ఆ జత ఉద్యోగం కోసం కాకపోయినా, మన తీరాన్ని మనం చదువుకోవడానికి కావాలి.

ఆలోపు చేయదగిన పని ఒకటుంది. ఖరగ్‌పూర్ తెలుగు పెద్దలు పేకాటలో వాడే మాటలను, వాళ్ల ఉచ్చారణతో సహా, ఎవరైనా రికార్డు చేసి దాచాలి. కళావరు ఏ రేవులో దిగిందో తేల్చడానికి అవి అక్కరకొస్తాయి.