లినక్స్ కెర్నల్ నిర్మాణం

సోర్స్ కోడ్ తెచ్చుకుని, తన కంప్యూటర్‌కు తగ్గట్టు మలచి, కంపైల్ చేసి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్‌ను ఇన్‌స్టాల్ చేసుకోవడాన్ని కస్టమ్ కెర్నల్ నిర్మాణం అంటారు. హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థిగా లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఈ కెర్నల్‌ను విడుదల చేశారు. 1992లో అది జీపీఎల్ లైసెన్సు కిందికి వచ్చింది. కోడ్‌ను చదివి, మార్చి, పంచుకునే హక్కు అలా అందరికీ దక్కింది.

ఉబుంటు, ఫెడోరా వంటి డిస్ట్రిబ్యూషన్లు దాదాపు ఏ కంప్యూటర్‌లోనైనా నడిచే కెర్నల్‌నే ఇస్తాయి. కాబట్టి మామూలు వాడకానికి సొంత కెర్నల్ అక్కర్లేదు. కొత్త హార్డ్‌వేర్‌కు డ్రైవర్ కావాలన్నా, ఒక ప్యాచ్‌ను పరీక్షించాలన్నా, చిన్న బోర్డుల కోసం కెర్నల్ పరిమాణం తగ్గించాలన్నా దీని అవసరం పడుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివే విద్యార్థికి మాత్రం ఇంతకు మించిన ప్రయోగశాల లేదు.

సోర్స్‌ను కెర్నల్ డాట్ ఆర్గ్ నుంచి దించుకుని, డిజిటల్ సంతకాన్ని సరిచూసుకోవాలి. జీసీసీ, మేక్, ఫ్లెక్స్, బైసన్ వంటి పనిముట్లు ముందే ఉండాలి.

అసలు పని కాన్ఫిగరేషన్‌లో ఉంది. వేలాది ఆప్షన్లలో చాలావాటికి మూడు జవాబులుంటాయి: వై అంటే ఆ భాగం కెర్నల్‌లోనే కలిసిపోతుంది, ఎం అంటే అవసరమైనప్పుడు ఎక్కే మాడ్యూల్‌గా విడిగా తయారవుతుంది, ఎన్ అంటే అసలు ఉండదు. వీటన్నిటినీ మొదటినుంచి ఎంచుకోవడం వృథా శ్రమ. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ కాన్ఫిగ్ ఫైలును కాపీ చేసుకుని, మేక్ మెనూకాన్ఫిగ్‌తో కావలసినవి మార్చుకోవడమే మేలు. మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ ఆ సమయానికి లోడై ఉన్న మాడ్యూళ్లను మాత్రమే ఉంచుతుంది. నిర్మాణం త్వరగా ముగుస్తుంది, కానీ అప్పుడు తగిలించి లేని ప్రింటరో వెబ్‌క్యామో తర్వాత పనిచేయకపోవచ్చు. రూట్ ఫైల్‌సిస్టమ్ డ్రైవర్ విషయంలో మరీ జాగ్రత్త అవసరం. దాన్ని మాడ్యూల్‌గా పెట్టి, బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే తాత్కాలిక ఫైల్‌సిస్టమైన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో చేర్చకపోతే, కెర్నల్ తన డిస్కును తానే తెరవలేక ప్యానిక్ సందేశంతో ఆగిపోతుంది.

తర్వాత మేక్ కమాండ్ ఇస్తే కంపైలేషన్ మొదలవుతుంది. ప్రాసెసర్ కోర్ల సంఖ్యను జె ఆప్షన్‌తో ఇస్తే పనులు సమాంతరంగా సాగుతాయి. డీబగ్ సమాచారం ఆన్‌లో ఉంటే డిస్కులో చాలా చోటు పడుతుంది. ఎక్స్86 కంప్యూటర్లలో చివరికి వచ్చే ఫైలు పేరు బీజెడ్‌ఇమేజ్. మేక్ మాడ్యూల్స్_ఇన్‌స్టాల్ మాడ్యూళ్లను లిబ్ డైరెక్టరీ కింద చేరుస్తుంది. మేక్ ఇన్‌స్టాల్ కెర్నల్‌ను బూట్ డైరెక్టరీలో పెడుతుంది. చాలా డిస్ట్రిబ్యూషన్లలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారీ, బూట్‌లోడర్ గ్రబ్ మెనూ మార్పు కూడా ఈ దశలోనే జరిగిపోతాయి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని కెర్నల్‌ను కంప్యూటర్ బూట్ కానివ్వదు. సొంత కీతో సంతకం చేసి, ఆ కీని నమోదు చేయాలి.

రీబూట్ తర్వాత యూనేమ్ ఆర్ కమాండ్ కొత్త వెర్షన్ పేరు చూపిస్తే పని అయినట్టే. పాత కెర్నల్‌ను మాత్రం తీసేయకండి. కొత్తది మొరాయిస్తే గ్రబ్ మెనూలో పాతదాన్ని ఎంచుకుని వెనక్కి రావచ్చు. డిస్ట్రిబ్యూషన్ పంపే భద్రతా అప్‌డేట్లు సొంత కెర్నల్‌కు వర్తించవు. కొత్త స్టేబుల్ వెర్షన్ వచ్చినప్పుడల్లా పాత కాన్ఫిగ్‌తో మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ నడిపి, మళ్లీ నిర్మించుకోవాల్సిన బాధ్యత మీదే.