ఒక మినహాయింపు చరిత్ర

1890 వేసవిలో కలకత్తాలో ఫూల్‌మణి దాసి అనే పిల్ల చనిపోయింది. పది పదకొండేళ్ళ వయసు. భర్త హరిమోహన్ మైతీ ఎదిగిన మగవాడు. ఆ రాత్రి గదిలో మొదలైన రక్తస్రావం ఆగలేదు, ఆ పిల్ల గంటల తరబడి నెత్తురోడి పోయింది. తల్లీ, ఇంట్లోని పెద్ద ఆడవాళ్ళూ కోర్టుకు వచ్చి తాము చూసింది చెప్పారు. ప్రాణం పోయింది లోపలి గాయం వల్లేనని డాక్టర్లూ చెప్పారు. అయినా హరిమోహన్ మీద అత్యాచారం కేసు పెట్టడానికి చట్టంలో చోటు లేదు. 1860 నాటి శిక్షాస్మృతి 375వ సెక్షన్ చివర ఒక మినహాయింపు ఉంది. భార్యకు పదేళ్ళు నిండితే భర్త చేసేది అత్యాచారం కిందకు రాదు. ఫూల్‌మణికి పదేళ్ళు నిండాయి. అందుకని ప్రాణాపాయం కలిగేలా నిర్లక్ష్యంగా ప్రవర్తించి తీవ్రగాయం చేశాడన్న నేరం కింద, అంటే బండి తోలి ఎవరినో గుద్దినవాడికి పెట్టే లాంటి సెక్షన్ కింద, అతనికి ఏడాది కఠిన శిక్ష వేశారు.

ఈ కేసు గురించి మన చరిత్రకారిణులు చాలా రాశారు. తనికా సర్కార్ 1990లలో రాసిన వ్యాసాలు చదవకుండా ఎవరూ దీని జోలికి వెళ్ళలేరు. సాహిత్యం చదువుకున్న దాన్ని కాబట్టి నా చూపు ఆ మినహాయింపు వాక్యం మీద నిలిచిపోయింది. చట్టంలో అదొక చిన్న వాక్యం. దాన్ని పూర్తిగా కొట్టెయ్యాలని అడిగినవాళ్ళు మొదట్లో ఎవరూ లేరు. వందేళ్ళకు పైగా జరిగిన పోరాటమంతా అందులోని అంకె గురించే. పది, పన్నెండు, పదమూడు, పదిహేను, పద్దెనిమిది. ఆ అంకె ఒక్కొక్క మెట్టూ ఎక్కడానికి ఎన్నేళ్ళు పట్టింది, ఎవరెవరు బేరమాడారు అని చూస్తుంటే, ఆ బేరంలో పిల్ల తప్ప అందరూ కనిపిస్తారు.

ఫూల్‌మణి పోయేనాటికే బొంబాయిలో బెహ్రాంజీ మలబారి బాల్యవివాహాల మీద ఆరేళ్ళుగా గొడవ చేస్తున్నాడు. ఆమె చావు ఆ గొడవకు రుజువైంది. యాభైమందికి పైగా మహిళా డాక్టర్లు వైస్రాయికి అర్జీ పెట్టుకున్నారు. తాము ఆసుపత్రుల్లో చూసిన బాలభార్యల వివరాలు అందులో ఉన్నాయి. నడుములు విరిగినవాళ్ళు, కాళ్ళు పడిపోయినవాళ్ళు, చనిపోయినవాళ్ళు. వాళ్ళు అడిగిన వయసు 14. ప్రభుత్వం తెచ్చిన బిల్లులో ఉన్నది 12. ఆ పన్నెండుకే దేశం అట్టుడికిపోయింది. ఆడపిల్ల పెద్దమనిషయిన వెంటనే గర్భాధానం జరక్కపోతే శాస్త్రం మంటగలుస్తుందని బెంగాల్లో పత్రికలు గగ్గోలు పెట్టాయి. సంస్కరణ మనలోంచి రావాలి గాని పరాయి ప్రభుత్వం చేతుల్లోంచి కాదని పూనాలో తిలక్ వాదించాడు. 1891 మార్చిలో చట్టమైతే వచ్చింది. నిందితుడు భర్త అయిన పక్షంలో పోలీసులు తమంతట తాము అతని మీద చెయ్యి వెయ్యకుండా అందులోనే జాగ్రత్త కూడా పడ్డారు. దొరలకు మన మగవాళ్ళ కోపమంటే ఉన్న భయం, ఆ పిల్లల నెత్తురంటే ఉన్న జాలి కన్నా ఎక్కువని ఆ ఒక్క ఏర్పాటు చూస్తే తెలిసిపోతుంది.

ఫూల్‌మణి మాట మనకు దొరకదు. దొరికేది ఆమె శరీరం గురించి డాక్టర్లు చెప్పిన మాట, ఆమె ఏడుపు గురించి తల్లి చెప్పిన మాట. ఆ కాలంలోనే మాట్లాడిన పిల్ల ఒకరుంది, రఖ్మాబాయి. పదకొండేళ్ళకు పెళ్ళి. పుట్టింట్లోనే పెరిగి, చదువుకుని, కాపురానికి రానంది. 1884లో భర్త దాదాజీ భికాజీ దాంపత్య హక్కుల కోసం బొంబాయి హైకోర్టుకెక్కాడు. ఒక జడ్జి ఆమె పక్షాన చెప్పిన తీర్పు అప్పీలులో నిలవలేదు. భర్త దగ్గరకు వెళ్ళు, లేదా ఆరు నెలలు జైలుకు వెళ్ళు అని 1887లో ఇంకో జడ్జి తేల్చాడు. జైలుకే వెళ్తానంది రఖ్మాబాయి. కేసు నడుస్తుండగానే పేరు దాచుకుని, 'ఒక హిందూ స్త్రీ'గా టైమ్స్ ఆఫ్ ఇండియాకు ఉత్తరాలు రాసింది. చివరికి 1888లో రెండువేల రూపాయలు తీసుకుని దాదాజీ రాజీపడ్డాడు. ఆమె లండన్ వెళ్ళి వైద్యం చదివి, తిరిగొచ్చి సూరత్‌లో, రాజ్‌కోట్‌లో ఆడవాళ్ళ ఆసుపత్రుల్లో పనిచేసింది. ఇష్టం లేని భర్త దగ్గర ఉండనన్నది ఆమె చెప్పిన మొదటి మాట. లోకం మాత్రం ఆ మాటను వదిలేసి హిందూ వివాహం సంస్కారమా, ఒప్పందమా అని చర్చించుకుంది.

మన వైపు పరిస్థితి ఏమిటి? గురజాడ కన్యాశుల్కం మొదటిసారి ప్రదర్శించింది 1892లో, అంటే ఆ చట్టం వచ్చిన మరుసటి సంవత్సరమే. 1897 నాటి తొలి కూర్పు ఇంగ్లీషు ముందుమాటలో ఆయన ఇచ్చిన లెక్కలు మనలో చాలామందికి తెలిసినవే. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళు 1034. పెళ్ళినాటికి అయిదేళ్ళున్న పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. తరగతిలో ఈ అంకెలు చదివినప్పుడు విద్యార్థినులు మొదట నవ్వుతారు, 'ఏడాది పిల్లా?' అని. తర్వాత నవ్వరు. నాటకంలో కూడా అంతే. సుబ్బిని లుబ్ధావధాన్లుకు అమ్మే ఏర్పాటు చూసి మనం నవ్వుతాం. సుబ్బి బదులు మారువేషంలో వచ్చింది మగపిల్లవాడు కాబట్టి ఆ నవ్వుకు వీలైంది. వేషం కాకుండా నిజంగా సుబ్బే ఆ ఇంటికి వచ్చి ఉంటే అది ప్రహసనం అయ్యేది కాదు.

ఇక్కడ నాకు మొదటినుంచీ ఒక అసంతృప్తి ఉంది. మన సంస్కరణ సాహిత్యం వితంతువు గురించి ఎంతో మాట్లాడింది. మాట్లాడాల్సిందే. బాలవితంతువు గుండు, ఆమె దొంగ గర్భం, ఆమె పునర్వివాహం అన్నీ చర్చకు వచ్చాయి. కానీ మొగుడు బతికే ఉన్న పిల్ల గతి ఏమిటి? పునస్సంధానం, కార్యం, శోభనం అంటూ మన భాష ఆ రాత్రికి ఎన్ని మంగళకరమైన పేర్లు పెట్టుకుందో చూడండి. ఆ పేర్ల మధ్య గాయం అన్న మాటకు చోటు లేదు. భర్త పోతే గాని ఆ పిల్ల మన పెద్దల కంటికి బాధితురాలిగా కనపడలేదు.

అంకె మళ్ళీ కదలడానికి 34 ఏళ్ళు పట్టింది. 1925లో భార్యకు 13, బయటి ఆడపిల్లకు 14 అన్నారు. ఈ రెండు అంకెల తేడా గమనించండి. పెళ్ళయితే పిల్ల శరీరం ఒక ఏడాది ముందే సిద్ధమైపోతుందన్నమాట! 1928లో మోరోపంత్ జోషీ అధ్యక్షతన వేసిన కమిటీ దేశమంతా తిరిగింది. అందులో రామేశ్వరీ నెహ్రూ సభ్యురాలు. అంతకుముందు ఏడాది పుట్టిన అఖిల భారత మహిళా సభ, మద్రాసులోని మహిళా సంఘం సభ్యులు గట్టిగా ప్రచారం చేశారు. ఆడవాళ్ళు అర్జీల్లో కాకుండా ఎదురుగా కూర్చుని సాక్ష్యం చెప్పిన సందర్భం ఇది. 1929లో కమిటీ ఇచ్చిన నివేదికలో, పెళ్ళికాని సంబంధంలో వయసు 18 ఉండాలన్నారు. మన పార్లమెంటు అక్కడికి చేరింది 2012లో. భార్య విషయంలో 15 అన్నారు. అంతకన్నా చిన్న భార్య మీద భర్త చేసేదాన్ని మాత్రం అత్యాచారం అనవద్దు, 'వైవాహిక దుష్ప్రవర్తన' అనే అర్థమిచ్చే వేరే పేరు పెడదాం అన్నారు. నేరం అదే, గాయం అదే. మొగుడి పక్కన ఆ మాట వినడానికి ఇబ్బందిగా ఉందని మాట మార్చారు. పిల్లల పక్షాన నిలబడిన కమిటీయే ఈ మాట అంది.

అదే సంవత్సరం వచ్చిన శారదా చట్టం పెళ్ళి వయసునే పట్టుకుంది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. నడుమ దొరికిన ఆర్నెల్లలో దేశమంతా ముహూర్తాలు పెట్టేసుకున్నారు. 1931 జనాభా లెక్కల్లో పదిహేనేళ్ళలోపు భార్యల సంఖ్య పదేళ్ళ కిందటి కన్నా తగ్గాల్సింది పోయి లక్షల్లో పెరిగింది. గడువు దాటాక కూడా గోదావరి జిల్లాల వాళ్ళకు ఒక దారి మిగిలింది. యానాం ఫ్రెంచివాళ్ళది, శారదా చట్టం అక్కడ చెల్లదు. పిల్లలను తీసుకుని అక్కడికి వెళ్ళి తాళి కట్టించి తిరిగొచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురం అని పేరే వచ్చింది. ఇప్పటికీ యానాం చరిత్ర చెప్పేవాళ్ళు ఆ పేరును ముచ్చటగా చెప్తారు. ఆ పిల్లలకు అది ముచ్చటేనా అని అడిగినవాళ్ళను నేను చూడలేదు.

ఆ తర్వాత కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1940లు ముగిసేసరికి భార్యకు 15, బయటివారికి 16 అయింది. 1978లో పెళ్ళి వయసు 18 చేశారు. శిక్షాస్మృతిలోని 15 మాత్రం అలాగే ఉండిపోయింది. పదిహేనేళ్ళ పిల్లను పెళ్ళాడటం నేరం, పెళ్ళాడాక ఆమెను బలవంతం చేయడం నేరం కాదు! 2012లో పోక్సో చట్టం వచ్చి పద్దెనిమిదేళ్ళలోపు అందరూ పిల్లలే అన్నాక కూడా ఈ వైరుధ్యం పోలేదు. 2017 అక్టోబరు 11న ఇండిపెండెంట్ థాట్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ 15ను 18గా చదవాలని చెప్పింది. ప్రభుత్వం ఆ కేసులో వాదించింది వేరేలా. దేశంలో రెండు కోట్ల పైచిలుకు బాలవధువులున్నారు, వాళ్ళ భర్తలను నేరస్తుల్ని చేయడం ఎలా అని అడిగింది. బాధితులు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి నేరం కాదనడం! 1860 నుంచి లెక్కేస్తే 157 ఏళ్ళు. 2024 జులై నుంచి అమలవుతున్న కొత్త న్యాయసంహితలోనూ ఆ వాక్యం ఉంది, అంకె 18తో. అది దాటిన భార్యలకు మినహాయింపు ఇంకా మినహాయింపే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. అందుకని అంకె ముఖ్యం కాదని నేను అనను. అంకె ఒక్కటే మాట్లాడితే ఏం జరుగుతుందన్నది నా ప్రశ్న. రఖ్మాబాయికి వందేళ్ళ తర్వాత మన హైకోర్టులోనే ఆ ప్రశ్న మళ్ళీ వచ్చింది. నటి సరితకు 1975లో తిరుపతిలో పెళ్ళి చేసినప్పుడు ఆమె పదహారేళ్ళ హైస్కూలు పిల్ల. తర్వాత కాపురానికి రమ్మని భర్త వేసిన దావాలో 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇష్టం లేని స్త్రీని కాపురానికి పంపే సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పాడు. ఆమె శరీరం మీద నిర్ణయం ఆమెదేనన్నాడు. మరుసటి సంవత్సరమే వేరే కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. ఆ సెక్షన్ బతికే ఉంది.

దీనికి తలకిందులైన కేసు ఒకటి ఈమధ్య బెంగాల్లోనే నడిచింది. 2018లో పద్నాలుగేళ్ళ అమ్మాయి ఇల్లు వదిలి పాతికేళ్ళవాడి దగ్గరకు వెళ్ళింది. తల్లి ఫిర్యాదు చేసింది. పోక్సో కింద అతనికి 20 ఏళ్ళ శిక్ష పడింది. 2023లో కలకత్తా హైకోర్టు అతన్ని వదిలేస్తూ, కౌమారంలో ఉన్న ఆడపిల్లలు కోరికలను అదుపులో పెట్టుకోవాలని హితబోధ చేసింది. సుప్రీంకోర్టు 2024లో ఆ హితబోధను కొట్టేసి, నేరాన్ని నిర్ధారించి, ఆ అమ్మాయితో మాట్లాడి రమ్మని ఒక కమిటీని వేసింది. ఆమెను బాధపెట్టింది అతను కాదు, తర్వాత వచ్చిన పోలీసులు, కోర్టులు, అతన్ని బయటికి తేవడానికి పడిన అగచాట్లు అని కమిటీ చెప్పింది. 2025 మే నెలలో కోర్టు అతనికి ఇక శిక్ష వేయలేదు. పద్నాలుగేళ్ళ పిల్లకు నిజంగా ఎంచుకునే అవకాశం ఎప్పుడు దక్కింది, సమాజమూ చట్టమూ కుటుంబమూ ఆమెను ముందే వదిలేశాయి కదా అని కూడా ఒప్పుకుంది.

ఫూల్‌మణి కేసులో ఇల్లాలి మాట వినపడకుండా చట్టం భర్తను కాపాడింది. ఈ కేసులో చట్టం పిల్లను కాపాడుతున్నానంటూ ఆమె మాటను చివర్లో గాని వినలేదు. వినేనాటికి ఆమెకు బిడ్డ ఉంది, అప్పులున్నాయి, చదువు మధ్యలో ఆగిపోయి ఉంది. ఆమెకు నీడ కల్పించి, పదో తరగతి దాకా, కావాలంటే డిగ్రీ దాకా చదివించే ఏర్పాటు చెయ్యమని కోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. 2018లో ఆమె ఇల్లు దాటేముందు ఈ ఏర్పాటు ఎవరి బాధ్యతో చెప్పే సెక్షన్ మాత్రం ఆ కేసు కాగితాల్లో లేదు.