అందరికి తెరచిన బరి: చదరంగమున చిన్నవాని చరిత్ర

భిలాయి ఉక్కు కర్మాగారమును నిర్మించుటకు భారత, సోవియట్ ప్రభుత్వముల మధ్య ఒడంబడిక 1955 ఫిబ్రవరి 2వ తేదీన కుదిరెను. మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. ఆ కర్మాగారమును నమ్ముకొని వచ్చినవారిలో తెలుగువారు అనేకులు. వారు కాపురములు పెట్టిన పేటలలో ఖుర్సీపార్ ఒకటి. పలుకుబడి లేనిచోట పనితనమే పెట్టుబడిగా నిలదొక్కుకొనుట ఆ తొలితరమువారి కథ. చదరంగపు చరిత్రలోను అటువంటి కథ యొకటి కలదు.

భిలాయికి పొరుగుననున్న రాయపూరులో 2022 సెప్టెంబరు నెలలో అంతర్జాతీయ గ్రాండుమాస్టరు చదరంగపు పోటీ జరిగెను. ఇటువంటి పోటీలను ఓపెన్ టోర్నమెంటులందురు. అనగా అందరికి తెరచిన బరి. బిరుదులు గలవారును, ఊరి క్లబ్బులో ఆడువారును ఒకే కప్పు క్రింద కూర్చుందురు. ముందటి బల్లలు పేరుగన్నవారివి. వెనుకటి బల్లలు ఊరు పేరు ఎవ్వరికిని తెలియనివారివి. వెనుకటి బల్లనుండి ముందటి బల్లకు దారి యెట్లు ఏర్పడెనో తెలిసికొనదగినది.

పూర్వము పెద్ద పోటీలు సాధారణముగా ఆహ్వానితులకే పరిమితములు. ఇరువదిమంది ఒకరితోనొకరు ఆడవలెనన్న 190 ఆటలు కావలెను. నూరుమంది యైనచో 4,950 ఆటలు. అది జరుగు పని కాదు. ఓడినవానిని ఇంటికి పంపు పద్ధతిలోనైతే చిన్నవాని కథ ఒక్క ఆటతోనే ముగియవచ్చును. ఈ చిక్కును విప్పినవాడు స్విట్జర్లాండు దేశీయుడగు జూలియస్ మ్యూలర్. ఆయన కల్పించిన పద్ధతి 1895లో జ్యూరిచ్ నగరమున అమలైనది. కనుకనే దానికి స్విస్ పద్ధతి యని పేరు వచ్చెను. ఇందు ఎవ్వరిని తొలగింపరు. ఆటగాండ్ర పేర్లను బలము ననుసరించి వరుసగా వ్రాసి, జాబితాను రెండు సగములు చేసి, పై సగములోని మొదటివానిని క్రింది సగములోని మొదటివానితో జతపరచుదురు. అటుపిమ్మట ప్రతి రౌండులోను సాధ్యమైనంతవరకు సమానమైన పాయింట్లు గలవారినే ఎదురెదురుగా కూర్చుండబెట్టుదురు.

ఆటగాని బలమును అంకెలలో కొలుచు విధానమును అమెరికాలోని ఆచార్యుడు అర్పాడ్ ఎలో రూపొందించెను. ప్రపంచ చదరంగ సమాఖ్య దానిని 1970లో స్వీకరించెను. గెలుపునకు ఒక పాయింటు, సమమైనచో అర పాయింటు. ఇద్దరి రేటింగుల నడుమ 200 తేడా యున్నచో, నూరు ఆటలలో పెద్దవానికి సుమారు 76 పాయింట్లు, చిన్నవానికి 24 రావలెనని లెక్క. తేడా 400 అయినచో చిన్నవాని వాటా ఎనిమిది, తొమ్మిదికి దిగజారును. దిగజారునే కాని సున్న కాదు. వెనుకటి బల్లవాడు ప్రయాణపు ఖర్చు పెట్టుకొని, సెలవు పెట్టుకొని వచ్చునది ఆ తొమ్మిదింటిని నమ్ముకొనియే.

ఆ నమ్మకము వట్టిది కాదని మన దేశమున చాటినవారిలో కలకత్తా బాలుడు దివ్యేందు బారువా ఒకడు. 1982లో లండనులో లాయిడ్స్ బ్యాంకు పోటీయందు ఆ పదునైదేండ్లవాడు విక్టర్ కోర్చ్నోయిని ఓడించెను. కోర్చ్నోయి 1978లోను, 1981లోను ప్రపంచ విజేత పీఠమునకై కార్పోవుతో తలపడిన మహాయోధుడు. ఆహ్వానపు పోటీలలో ఆ ఇరువురు ఒకే బల్లకడ కూర్చుండుట అరుదు.

తెలుగునాట ఈ దారి నడచినవారిలో ముఖ్యురాలు శ్రీమతి కోనేరు హంపి. 1987 మార్చి 31న గుడివాడలో జన్మించిన ఆమెకు తండ్రి శ్రీ అశోకే గురువు. కుమార్తెకు ఆట నేర్పుటకై ఆయన రసాయనశాస్త్ర బోధనవృత్తిని విడిచిరి. 1948 నుండి 1972 వరకు ప్రపంచ విజేత పీఠము సోవియట్ ఆటగాండ్ర చేతులు దాటలేదు. ఆ ప్రభావముననే కాబోలు, ఆమె పేరు రష్యను పేరువలె ధ్వనించునట్లు ఆంగ్ల వర్ణక్రమమును కూడ ఆయన మార్చిరి. స్థిరమైన జీతమును ఒక బాలిక ఆటపై ఒడ్డుట ఉద్యోగి కుటుంబములకు ఎంత సాహసమో వేరుగ చెప్పనక్కరలేదు. అప్పట్లో కామన్‌వెల్తు దేశస్థులకును ప్రవేశమున్న బ్రిటిషు పోటీలో 2000లో ఆమె 13 ఏండ్ల వయస్సున మహిళా బిరుదము పొందెను. 2002లో 15 ఏండ్లకే గ్రాండుమాస్టరు అయ్యెను.

అయినను ఆమె నిజముగా చిన్నబల్లకు వచ్చినది అటుపిమ్మటనే. 2017లో తల్లియైన హంపి సుమారు రెండేండ్లు ఆటకు దూరమై, 2018లో మరల బరిలో దిగెను. 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ పోటీ జరిగినది. స్విస్ పద్ధతిన 12 రౌండులు. ఆటకు 15 నిమిషములు, ఎత్తునకు 10 సెకండ్లు. దీర్ఘమైన ఆటలో పేరుగన్న ఆమెను వేగపు ఆటలో విజేతగా ఎంచినవారు తక్కువ. చివరి రౌండులో తాన్ జోంగ్యీని గెలిచి, 9 పాయింట్లతో మరియిద్దరి సరసన నిలిచెను. బిరుదము తేల్చు ఆటలలో లెయ్ తింగ్జియే చేతిలో మొదటిది ఓడి, రెండవది గెలిచి, మూడవ ఆటతో ప్రపంచ విజేత యయ్యెను.

ఐదేండ్ల తరువాత, 2024 డిసెంబరులో, న్యూయార్కున అదే పోటీలో ఆమె మొదటి ఆటయే ఓడెను. నాకౌటు పద్ధతియైనచో ఆనాడే పెట్టె సర్దుకొనవలసినది. కాని స్విస్ పద్ధతి ఓడినవారికి మరుసటి బల్ల చూపును. ఆమె 11 రౌండులలో 8½ పాయింట్లు సాధించి, 37 ఏండ్ల వయస్సున రెండవమారు విజేత యయ్యెను.

చిన్నవానికి తెరచిన తలుపు పెద్దవాని ఎదుట మూయబడదు. 2025 జులైలో బాతుమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్పు తుది పోరున హంపికి ఎదురుగ కూర్చున్నది నాగపూరు యువతి దివ్యా దేశ్‌ముఖ్. వయస్సు 19; పోటీ మొదట ఆమె స్థానము 15వది. దీర్ఘమైన ఆటలు రెండును సమము కాగా, వేగపు ఆటలలో దివ్య గెలిచి, ఆ గెలుపుతోనే గ్రాండుమాస్టరు బిరుదము నందుకొనెను. ఒకనాడు పెద్దల బల్లకు నడచివచ్చిన బాలిక మరియొకనాడు పెద్దగా కూర్చుండి, తనవలెనే నడచివచ్చిన బాలికకు తలయొగ్గవలసివచ్చెను. ఇందు అన్యాయము లేదు. ఆట నియమమే అది.

తెరచిన బరి చిన్నవానికి గెలుపును వాగ్దానము చేయదు. కుర్చీని మాత్రము చూపును; ఓడిన మరునాడు మరల ఆ కుర్చీని అట్టిపెట్టును. ఖుర్సీపార్ వంటి పేటలనుండి బయలుదేరు పిల్లలకు తల్లిదండ్రులు చెప్పవలసిన మాట యొక్కటే: మొదటి ఆట ఓడినను బరి విడువవలదు, రెండవ రౌండు జాబితాలో నీ పేరును, నీ బల్ల సంఖ్యయు ఉండును.