లైలా, మజ్నూ, మా ఇంటి బక్రా

పోయిన బక్రీద్‌కి పది రోజుల ముందే ఇంటికి బక్రా తెచ్చాం. పిల్లల ఖుషీ చెప్పలేను. ఒకడు బిస్కెట్లు పెడతాడు, ఒకడు మెడలో గంట కడతాడు, చిన్నది దాన్ని వాటేసుకుని ఫొటో దిగుతుంది. ఇంత మొహబ్బత్ మధ్య కూడా అది రాత్రంతా అరుస్తూనే ఉంది. "ఆకలేమో" అన్నాను. "ఆకలి కాదు బేటా, దానికి ఇంకేదో ఫికర్ ఉంది" అంది దాదీమా. ఏం ఫికర్? జాన్వర్ దిల్‌లో ఏముందో ఇన్సాన్‌కి ఎలా తెలుస్తుంది? ఆ సవాల్‌తోనే నాకు తవారీఖ్‌లోని ఒక కిస్సా గుర్తొచ్చింది. అది నాలుగు వందల ఏళ్ల నాటిది. జహంగీర్ బాద్‌షా స్వయంగా తన 'తుజుక్'లో ఫార్సీలో రాసుకున్నది.

జహంగీర్ అనగానే మనకి అనార్కలి సినిమా, నూర్జహాన్, షరాబు గుర్తొస్తాయి. కానీ ఆయన కళ్లు మాత్రం ఒక ఆలిమ్ కళ్లు. పువ్వు కనబడినా, పిట్ట కనబడినా దాని కొలతలు రాయిస్తాడు, రంగులు రాయిస్తాడు, ఉస్తాద్ మన్సూర్ చేత తస్వీర్ గీయిస్తాడు. ఆ మన్సూర్‌కి 'నాదిరుల్ అస్ర్' అని ఖితాబ్ ఇచ్చింది కూడా ఆయనే.

ఆయన దగ్గర ఒక సారస్ కొంగల జంట ఉండేది. సారస్ అంటే దాదాపు మనిషంత ఎత్తు పక్షి, ఎర్రటి తల. పసి పిల్లలుగా ఉన్నప్పుడు పట్టుకొచ్చి, పెంచి, లైలా మజ్నూ అని పేర్లు పెట్టారు. 1618లో బాద్‌షా గుజరాత్‌లో, అహ్మదాబాద్‌లో ఉండగా ఆ లైలా గుడ్లు పెట్టింది. ఇక బాద్‌షా పని అంతా దాన్ని చూడటమే. రాత్రంతా లైలా గుడ్ల మీద కూర్చుంటుంది, మజ్నూ పక్కనే నిలబడి పహరా కాస్తుంది. ఒకసారి ముంగిసలాంటి జంతువు ఒకటి అటు వస్తే, అది కన్నంలో దూరేదాకా మజ్నూ తరిమింది. తెల్లారాక మజ్నూ వచ్చి ముక్కుతో లైలా వీపు మీద తడుతుంది. లైలా లేస్తుంది, మజ్నూ కూర్చుంటుంది. 34 రోజులకి మొదటి పిల్ల బయటికొచ్చింది. నెల మీద కొన్ని రోజులు అని ఇప్పటి పక్షి శాస్త్రం చెప్పే లెక్క కూడా దాదాపు ఇదే.

అసలు విషయం ఆ తర్వాత ఉంది. మజ్నూ పిల్లల్ని కాలు పట్టుకుని, తలకిందులుగా ముక్కుతో ఎత్తుతోంది. బాద్‌షాకి భయం వేసింది. ఈ బాప్‌కి పిల్లలంటే దుష్మనీ ఏమో, చంపేస్తుందేమో అనుకున్నాడు. దూరంగా ఉంచమని హుకుం ఇచ్చాడు. మనమైనా అదే చేస్తాం. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. తన అనుమానం నిజమో కాదో చూద్దామని, తజుర్బా కోసం మజ్నూని మళ్లీ పిల్లల దగ్గరికి వదలమన్నాడు. చూస్తే తల్లికి ఎంత ప్రేమ ఉందో తండ్రికీ అంతే ఉంది. ఆ ఎత్తడం కూడా ప్రేమతోనేనని తేలింది. తన గలత్‌ఫహ్మీని తన కితాబులో తనే రాసుకున్నాడు. ఒక బాద్‌షా ఒక కొంగ ముందు "నేను తప్పు అనుకున్నాను" అని ఒప్పుకోవడం చిన్న మాట కాదు.

ఈ కిస్సాలు మరుగున పడకుండా మన కాలానికి తెచ్చిన వాళ్లలో పక్షుల సలీమ్ అలీ సాబ్ ఒకరు. 1927-28లో మొగల్ బాద్‌షాల ప్రకృతి పరిశీలన మీద ఆయన వ్యాసాలు రాశారు. ఆ తర్వాత కొన్నేళ్లకే నిజాం రాజ్యానికి వచ్చి మన హైదరాబాద్ స్టేట్ పక్షుల సర్వే చేశారు.

ఇప్పుడు ఇంగ్లండ్ చూద్దాం. ఇరవయ్యో శతాబ్దంలో చాలా కాలం, జాన్వర్‌కి దిల్ ఉందని రాస్తే సైన్స్ వాళ్లు నవ్వేవాళ్లు. 1960లలో జేన్ గుడాల్ చింపాంజీలకి పేర్లు పెడితే, పేర్లు కాదు నంబర్లు పెట్టాలని కేంబ్రిడ్జ్‌లో తప్పుబట్టారు. మన బాద్‌షా పేర్లు పెట్టి అప్పటికి మూడున్నర శతాబ్దాలు. 1964లో రూత్ హారిసన్ అనే ఆమె కోళ్లనీ దూడలనీ ఫారాల్లో మెషీన్లలా ఎలా వాడుతున్నారో ఒక కితాబు రాసింది. మొత్తం ముల్క్‌లో గోల లేచింది. సర్కార్ బ్రాంబెల్ కమిటీ వేసింది. జాన్వర్ కనీసం లేచి నిలబడేందుకు, పడుకునేందుకు, చుట్టూ తిరిగేందుకు, ఒళ్లు శుభ్రం చేసుకునేందుకు, కాళ్లు చాపుకునేందుకు జాగా ఉండాలని 1965లో ఆ కమిటీ చెప్పింది.

అదే కమిటీ ఇంకో మాట కూడా చెప్పింది. పంజరం అడుగున సన్న తీగ జాలీ కోడి కాళ్లకి బాధ కాబట్టి వాడొద్దని. వినడానికి రహమ్ ఉన్న మాటే. 1973లో ఇద్దరు పరిశోధకులు కోళ్లనే అడిగారు. ఎలా అంటే, రకరకాల జాలీలు వేసి ఎటు కావాలంటే అటు వెళ్లనిచ్చారు. కోళ్లు ఎక్కువగా ఆ సన్న జాలీ మీదే నిలబడ్డాయి! కమిటీ రహమ్ నిజమే, అందాజా తప్పు. మజ్నూ విషయంలో బాద్‌షాకి జరిగిందే కమిటీకీ జరిగింది. జాన్వర్‌ని మొహబ్బత్‌తో చూస్తే చాలదు, దాన్నే అడగాలి. ఈ రోజు జంతువుల సంక్షేమం మీద జరిగే రీసెర్చ్‌లో పెద్ద భాగం ఈ అడగడమే.

అయితే తవారీఖ్‌ని సగమే చెబితే అది బేఈమానీ. ఇదే జహంగీర్, చలికాలంలో నీళ్లు పోసుకున్న ఏనుగులు వణుకుతున్నాయని గోరువెచ్చటి నీళ్లు పెట్టించాడు. ఇదే జహంగీర్, పన్నెండో ఏట నుంచి యాభయ్యో ఏడు వచ్చేదాకా చేసిన షికార్ లెక్క కట్టించాడు. తన సమక్షంలో పడినవి 28,532. అందులో తన చేత్తో చంపినవి 17,167. కొంగ దర్దు చూసిన కళ్లే తుపాకీ గురి కూడా చూశాయి. ఇల్మ్ ఉంటే రహమ్ దానంతట అదే రాదు. తెలిసినదాన్ని చేతికి లగాం చేసుకోవాలి.

మన దీన్ ఆ లగాం ఎప్పుడో ఇచ్చింది. సహాబాలు ఒక పిట్ట పిల్లల్ని తీసుకుంటే తల్లి పిట్ట రెక్కలు కొట్టుకుంటూ తిరిగింది. ప్రవక్త (స) అది చూసి, దాని పిల్లల్ని దానికి ఇచ్చేయమన్నారు. మేక కళ్ల ముందే కత్తి నూరుతున్నవాణ్ని వారించారు. రెండు చోట్లా జరిగింది ఒకటే. ముందు జాన్వర్‌ని చూశారు, ఆ తర్వాత మనిషి చేతిని ఆపారు. ఖుర్బానీ ఎలా చేయాలో మనకి అందరూ చెబుతారు. దానికి ముందు పది రోజులు ఆ జాన్వర్ ఎలా బతికిందని ఎవరూ అడగరు.

సరే, మా బక్రా సంగతి. మూడో రోజు నేనూ ఒక తజుర్బా చేశాను. బిస్కెట్లు బంద్. గంట తీసేశాను. పక్కింటి భాయ్ వాళ్ల బక్రా కూడా ఒంటరిగానే అరుస్తోంది. ఇద్దరం మాట్లాడుకుని రెండింటినీ వేపచెట్టు నీడలో పక్కపక్కన కట్టాం. ముందు పచ్చగడ్డి, తొట్టిలో నీళ్లు. మేకలు మందలో బతికే జీవాలు కదా. ఆ రాత్రి అరుపు లేదు. పిల్లలు కాస్త అలిగారు, ఫొటోలకి రావట్లేదని.

పొద్దున ఫజర్ నమాజ్‌కి లేచి చూస్తే రెండూ ఒకదానికొకటి ఆనుకుని పడుకుని ఉన్నాయి. దాదీమా వాకిట్లో నిలబడి చూస్తోంది.

"చూశావా, దానికి కావలసింది మనం కాదు" అంది.