మాత్రకు తోడు మాట

స్కిజోఫ్రేనియా రోగితో అతని అనుమానాల గురించి మాట్లాడడం వృథా అన్నది మనోవైద్యంలో చాలాకాలం చెల్లిన నమ్మకం. అసలైన భ్రాంతి ఎదుటివారి అవగాహనకు అందదని జర్మన్ మనోవైద్యుడు కార్ల్ యాస్పర్స్ 1913లోనే రాశాడు. 1952లో పారిస్‌లో మనోవైద్యులు డిలే, డెనికర్‌లు క్లోర్‌ప్రొమజైన్ అనే మందు ఫలితాలు చూపాక మాత్రే వైద్యమైంది. అదే ఏడాది అమెరికాలో మనోవైద్యుడు ఏరన్ బెక్ ఒక కేసు ప్రచురించాడు. ఎఫ్‌బీఐ మనుషులు తనపై నిఘా పెట్టారని ఆ రోగి నమ్మకం. బెక్ దాన్ని కొట్టిపారేయలేదు. అనుమానితులను ఒక్కొక్కరినే తీసుకుని, వాళ్ల నడవడికను రోగి చేతనే పరిశీలింపజేశాడు. అనుమానం తగ్గుతూ వచ్చింది. కానీ తర్వాత ఆయన దృష్టి డిప్రెషన్ మీదికి మళ్లింది. సీబీటీ అని మనమనే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి పేరొచ్చింది అక్కడే.

వదిలేసిన ఆ దారాన్ని 1990ల్లో బ్రిటన్ అందుకుంది. కింగ్‌డన్, టర్కింగ్‌టన్, టారియర్, గారెటీ, కైపర్స్ వంటి పరిశోధకులు మందులు వాడుతున్న రోగులతోనే ఈ పద్ధతిని పరీక్షించారు. ‘బయటికెళ్తే చంపేస్తారు’ అని చెవిలో గొంతు వినిపిస్తోందనుకోండి. అది ఏ వేళకు వస్తుంది, నిద్రలేని రాత్రి మర్నాడు పెరుగుతుందా, ఎవరితోనైనా మాట్లాడుతుంటే తగ్గుతుందా అన్నది రోగి నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. తర్వాతి సిట్టింగ్‌లో ఇద్దరూ కలిసి చిన్న పరీక్ష పెట్టుకుంటారు: వీధి చివరి కొట్టు దాకా వెళ్లిరావడం. గొంతు పూర్తిగా పోకపోవచ్చు, దాని పెత్తనం మాత్రం తగ్గుతుంది. మందు ఆపరు.

2002లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాల సంస్థ నైస్ స్కిజోఫ్రేనియాకు సీబీటీని సిఫారసు చేసింది. తర్వాతి మార్గదర్శకాల్లో కనీసం 16 సిట్టింగ్‌లు ఉండాలంది. ఉత్సాహం మీద నీళ్లు చల్లే లెక్కలూ వచ్చాయి. ఎన్నో పరీక్షలను కలిపి చూసిన 2014 నాటి ఒక విశ్లేషణ, ప్రయోజనం ఉన్నా చిన్నదేనంది. మామూలు వైద్యానికి సీబీటీ జోడించిన 60 పరీక్షలను 2018లో వడపోసిన కాక్రేన్ సమీక్ష, ఆధారాలు బలహీనంగా ఉన్నాయని తేల్చింది.

మన దగ్గర కథ వేరుగా నడిచింది. 1950ల్లో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలోనే గుడారాల్లో ఉంచి చికిత్సలో కలుపుకున్నారు. 1970ల్లో హర్యానాలోని రాయ్‌పూర్ రాణీలో ఎన్.ఎన్. విగ్ బృందం మానసిక వైద్యాన్ని పల్లె ఆరోగ్య కేంద్రానికి చేర్చింది. 1980ల్లో బళ్లారిలో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ అదే పని జిల్లా అంతటా చేసింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. వీటి పుణ్యాన మాత్ర ఊరికి చేరింది. పద్ధతిగా, వారం వారం కూర్చుని మాట్లాడే మనిషి మాత్రం చేరలేదు.

హర్యానాలోని ఫరీదాబాద్‌నే చూడండి. దేశవిభజన శరణార్థుల కోసం కట్టిన ఈ టౌన్‌షిప్ ఫ్యాక్టరీల ఊరైంది. పని కోసం వచ్చినవాళ్లలో చాలామంది కుటుంబాలు సొంతూళ్లలోనే ఉన్నాయి. అమృత్‌సర్ గుడారాల పద్ధతి ఇక్కడ అంత తేలిగ్గా కుదరదు. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లాలో 18 లక్షల మంది. పెద్దల్లో సుమారు 0.4 శాతం మందికి స్కిజోఫ్రేనియా, ఆ కోవకు చెందిన మనోవ్యాధులు ఉన్నాయన్న 2015-16 జాతీయ సర్వే అంచనాను వర్తింపజేస్తే, రోగులు నాలుగైదు వేలు. ఒక క్లినికల్ సైకాలజిస్టు రోజుకు ఐదుగురితో, నెలకు 25 రోజులు కూర్చున్నా, 16 సిట్టింగ్‌ల లెక్కన నెలకు ఎనిమిది మందికి మించి పూర్తి చేయలేరు. ఏడాదికి వందమంది కూడా కారు.

అందుకే బ్రిటన్ చరిత్రలో మనకు పనికొచ్చే పుట మరొకటి. 2002లోనే టర్కింగ్‌టన్ బృందం 422 మంది రోగులపై చేసిన పరీక్షలో మాట్లాడింది సైకాలజిస్టులు కాదు, కొద్దిరోజుల శిక్షణ పొందిన నర్సులు. సిట్టింగ్‌లు ఆరే, ఇంటివాళ్లకు మరో మూడు. అయినా లక్షణాలు తగ్గాయి, జబ్బు మీద అవగాహన పెరిగింది. మన దేశంలోనూ 2014లో వెలువడిన కాప్సీ అధ్యయనంలో శిక్షణ పొందిన సామాజిక ఆరోగ్య కార్యకర్తలు రోగుల ఇళ్లకు వెళ్లి, మందులకు తోడుగా నిలిచారు. అది సీబీటీ కాకపోయినా మామూలు వైద్యం కంటే కొంత మెరుగైన ఫలితమిచ్చింది. ఫరీదాబాద్ పక్కనే బల్లభ్‌గఢ్‌లో 1965 నుంచి ఎయిమ్స్ గ్రామీణారోగ్య ప్రాజెక్టు ఉంది. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలూ ఉన్నారు. చిన్న ప్రయోజనమే కావచ్చు, చాలామందికి అందితే అది చిన్నది కాదు. నిపుణుడి కోసం ఎదురుచూడడం కన్నా, నిపుణుడి పర్యవేక్షణలో నర్సుకు నేర్పడమే ముందు చేయాల్సిన పని.