లాండోవర్‌లో రెండు రాత్రులు

మోర్గాన్ బూలవార్డ్ స్టేషన్‌లో రైలు దిగాక లాండోవర్ స్టేడియం దాకా ఒక మైలు నడవాలి. 2024 అక్టోబరు 27, ఆదివారం. ఆట సాయంత్రం 4:25కి. ముందు మా మేనల్లుడు, వెనక నేను, నా పక్కన మీరు. ఆష్‌బర్న్‌లో సిల్వర్ లైన్ ఎక్కామంటే రైలు మారే పని లేకుండా ఇక్కడ దిగొచ్చు. దారంతా వాషింగ్టన్ కమాండర్స్ జట్టు రంగు చొక్కాలే, ఎటు చూసినా వీపుల మీద 5వ నంబరు. అది బంతి విసిరి ఆట నడిపే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్‌ది. మా వాడొక్కడే ముదురు నీలం చొక్కా వేసుకున్నాడు. దాని మీద 18, షికాగో బేర్స్ క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్ నంబరు.

కమాండర్స్ ప్రాక్టీసు చేసే మైదానం ఉన్నదే మా ఆష్‌బర్న్‌లో. ఆ ఊళ్లో పెరిగిన పిల్లాడికి షికాగో చొక్కా ఎందుకంటే, వాడు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ ఫాంటసీ డైనస్టీ లీగ్‌లో విలియమ్స్ వాడి సొత్తు.

డ్రీమ్11లో జట్టు కట్టినవాళ్లకి ఈ ఆట కొత్తగా ఉంటుంది. పొద్దున జట్టు కట్టి రాత్రికి లెక్క తేల్చుకునే వ్యవహారం కాదిది. లీగ్‌లో పన్నెండుమంది ఉంటారు. ఒకసారి తీసుకున్న ఆటగాడు, మనం వేరేవాళ్లకి ఇచ్చేదాకా, లేదా అతను రిటైరయ్యేదాకా మనవాడే. ఏటా కొత్తగా వచ్చిన కుర్రాళ్లని వంతులవారీగా పంచుకుంటారు. వీళ్లది సూపర్‌ఫ్లెక్స్, అంటే వారానికి ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లని దింపొచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నవి 32 జట్లు. పన్నెండుమంది తలా ఇద్దరిని దింపితే 24 మంది అక్కడే అయిపోయారు. అందుకే ఇక్కడ కుర్ర క్వార్టర్‌బ్యాక్ అంటే కాలవ కింద పొలం. అమ్మకానికి రాదు, వచ్చిందా, చూస్తుండగానే చెయ్యి మారుతుంది.

ఈ ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటి పన్నెండు ఎంపికల్లో ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లే వెళ్లారు. మొదటివాడు విలియమ్స్, రెండోవాడు డేనియల్స్. ఇవాళ ఇద్దరూ ఒకే మైదానంలో ఉంటారు. విలియమ్స్ వాషింగ్టన్‌లో పుట్టి, ఇక్కడి గొన్జాగా హైస్కూల్లో ఆడినవాడు, కాబట్టి సొంతగడ్డకి వస్తున్నాడు. డేనియల్స్‌కి పోయిన ఆదివారం పక్కటెముకల దగ్గర దెబ్బ తగిలింది, ఆడతాడో లేదో అని వారమంతా ఊరు ఊరంతా మాట్లాడుకుంది. ఆడుతున్నాడు.

మన సీట్లు బాగా పైన. బాధపడకండి, మనకి కావలసింది ఇదే. టీవీలో బంతి చుట్టూ ఉన్నదే చూపిస్తారు. ఇక్కణ్నించి ఇరవైరెండుమందీ కనిపిస్తారు. కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని తూచాలంటే మాత్రం బంతిని చూడకండి. స్నాప్ కాగానే, అంటే బంతి చేతికి రాగానే, అతని పాదాలు చూడండి, తర్వాత హెల్మెట్ ఎటు తిరుగుతోందో చూడండి. మొదట చూసిన రిసీవర్‌కి దారి మూసుకుపోతే తల రెండోవాడి వైపు తిరుగుతోందా, లేక కాళ్లు ముందే పరుగందుకుంటున్నాయా? తల తిరిగాక కాళ్లు కదిలితే అతను ఆటని చదువుతున్నాడు. కాళ్లే ముందు కదిలితే భయపడుతున్నాడు. నేను ఇన్నేళ్లుగా చూసిన ఆటంతా కలిపి నాకు నేర్పింది ఇదొక్కటే.

చూడండి, డేనియల్స్ పాదాలు. నిలబడే చోట చిన్న చిన్న అడుగులు, ఒళ్లు కుదురుగా ఉంది. కాలేజీలో అరిజోనా స్టేట్‌లో, ఎల్‌ఎస్‌యూలో కలిపి ఐదేళ్లు ఆడాడు. చివరి ఏడాది హైస్మన్ ట్రోఫీ తీసుకున్నాడు. ఆ అనుభవం ఇప్పుడు అడుగుల్లో తెలుస్తోంది. కిక్కర్ సీబర్ట్ తన్నిన ఫీల్డ్ గోల్స్‌తో కమాండర్స్ ఖాతాలో మూడేసి పాయింట్లు చేరుతున్నాయి. టచ్‌డౌన్ మాత్రం పడటం లేదు.

విలియమ్స్ వచ్చాడు. అతన్ని కాపాడాల్సిన లైను ఒక పక్క నుంచి కూలిపోతోంది. వెనక్కి, ఇంకా వెనక్కి, కుడికి పరుగు, బంతి బయటికి విసిరేశాడు. మళ్లీ అదే. మా వాడు మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"మామయ్యా, పదమూడుకి అటూ ఇటూ పాయింట్లు కూడా వచ్చేట్టు లేవు."

"పాయింట్లు తర్వాత చూద్దాం రా. బంతి ఎవరి చేతికిస్తున్నాడో చూడు."

ఎవరి చేతికీ ఇవ్వడం లేదు. అదే నాకు నచ్చుతోంది. ఇంత ఒత్తిడిలో అవతలి జట్టుకి ఒక్క బంతీ అప్పజెప్పలేదు. మూడో క్వార్టర్‌లో బేర్స్ రన్నింగ్ బ్యాక్ స్విఫ్ట్ 56 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేసేసరికి 12-7 అయింది. తర్వాత గీతకి ఒక్క గజం దూరంలో బేర్స్ కోచ్‌లు లైనులో ఆడే క్రేమర్ చేతికి బంతి ఇప్పించారు, అది జారిపోయింది. మా వాడు తల పట్టుకున్నాడు. కుర్రాడి చేతిలో లేని విషయాలంటే ఇవే. లైను, కోచ్ రాసిన ప్లే, రెండూ అతని తలరాతలోకి వచ్చిపడతాయి.

చీకటి పడింది. దీపాల కింద గడ్డి మరీ పచ్చగా ఉంది. ఆఖరి డ్రైవ్. ఇంతసేపూ తడబడిన విలియమ్స్ ఇప్పుడు ఒక్కో పాసూ కుదురుగా వేస్తూ జట్టుని గీత దాకా తెచ్చాడు. బేర్స్ రన్నింగ్ బ్యాక్ జాన్సన్ గీత లోపలికి దూకాడు, రెండు పాయింట్ల పాస్ కెమెట్‌కి అందింది. 15-12. ఇంకా 25 సెకన్లు. చుట్టూ 5వ నంబరు చొక్కాలు లేచి మెట్లవైపు నడుస్తున్నాయి. మీరు కూర్చోండి.

రెండు సెకన్లు మిగిలాయి. బంతి సగం గీతకి ఇవతల, కమాండర్స్ వైపు 48 గజాల గీత దగ్గరుంది. మనకి దూరంగా ఆ చివర ఎండ్ జోన్‌లో మనుషులు గుంపుగా చేరారు. స్నాప్ అయింది. డేనియల్స్ కుడికి పరిగెత్తాడు, ఆగాడు, ఎడమకి తిరిగాడు, మళ్లీ వెనక్కొచ్చాడు. దాదాపు పదమూడు సెకన్లు బంతి అతని చేతిలోనే ఉంది. లోకంలో ఇంకేమీ కదలడం లేదనిపిస్తోంది. తర్వాత విసిరాడు. దీపాల ఎత్తుకి వెళ్లి, అరవై గజాలకి పైగా గాలిలో సాగి, గుంపు మీద పడింది. ఎవరి వేళ్లకో తగిలి వెనక్కి ఎగిరింది. గుంపుకి అవతల ఒంటరిగా నిలబడ్డ కమాండర్స్ రిసీవర్ నోవా బ్రౌన్ చేతుల్లో వాలింది. 18-15.

ఆ శబ్దాన్ని నేను రాయలేను. మీరు విన్నారుగా.

తిరుగు రైలు కిటకిటలాడుతోంది. మా వాడి ఫోన్ మోగింది. లీగ్‌లో ఒకాయన ఆఫర్ పంపాడు: విలియమ్స్‌ని ఇస్తే బదులుగా వచ్చే ఏడాది కొత్త కుర్రాళ్ల పంపకంలో మొదటి రౌండు వంతు (పిక్) ఒకటి, దాని మీద ఒక రన్నింగ్ బ్యాక్. మొన్న వేసవిలో ఎవరైనా ఈ ధర అడిగి ఉంటే మా వాడు జవాబైనా ఇచ్చేవాడు కాదు. ఇప్పుడు వేలు 'అంగీకరించు' బొత్తాం మీద ఆడుతోంది.

"ఆ ఆఖరి పాస్‌కి లీగ్‌లో ఎన్ని పాయింట్లు?" అని అడిగాను.

వాడు లెక్క వేశాడు. పాతిక గజాలకి ఒక పాయింటు, పాస్ టచ్‌డౌన్‌కి నాలుగు. 52 గజాలంటే రెండు. మొత్తం ఆరు. స్టేడియాన్ని కదిలించిన ఆ బంతి విలువ ఆరు పాయింట్లు, అందులోనూ ఎవరి వేళ్లకో తగిలి దొరికినవి. ఆ ఆరూ చూసి పదేళ్లపాటు ఆడగల ఆటగాణ్ని అమ్మేస్తావా?

కాళ్ల సంగతి వేరు. పరుగుకి పది గజాలకే ఒక పాయింటు, టచ్‌డౌన్‌కి ఆరు. డేనియల్స్ ఆ ఏడాది ముగిసేసరికి 891 గజాలు పరిగెత్తి, ఆరు టచ్‌డౌన్లు చేశాడు. పరుగులోంచే సుమారు 125 పాయింట్లు. అన్ని పాయింట్లు పాసుల గజాల్లో తేవాలంటే మూడు వేల గజాలు దాటాలి. పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్‌కి డైనస్టీలో అంత ధర పలికేది అందుకే, ఆ ధర న్యాయమే. కానీ ప్రతి పరుగు చివరా ఒక దెబ్బ ఉంటుంది, 95 కిలోల సన్నటి మనిషికి ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఈ మాట రైల్లో పైకి అనలేదు. ఆ రాత్రి ఎవరూ వినరు.

"ఈ రాత్రికి ఏదీ నొక్కకు" అన్నాను. వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఆ చలికాలం కష్టంగా గడిచింది. ఆ ఓటమితో మొదలై బేర్స్ వరసగా పది ఆటలు ఓడారు. మధ్యలో ఆఫెన్స్ కోఆర్డినేటర్‌ని తీసేశారు, తర్వాత హెడ్ కోచ్‌ని తీసేశారు. విలియమ్స్‌ని 68 సార్లు పడగొట్టారు. లీగ్‌లోవాళ్లు డేవిడ్ కార్ పేరు ఎత్తారు. 2002లో మొదటి ఎంపికగా హ్యూస్టన్‌కి వెళ్లి, మొదటి ఏడాదే 76 సార్లు నేలకరిచిన మనిషి అతను. తర్వాత ఆశించిన ఎత్తుకి ఎన్నడూ రాలేదు. ఆ పోలికకి నేనూ భయపడ్డాను. పడగొట్టించుకోవడంలో సగం తప్పు లైనుదైతే, సగం బంతి వదలని క్వార్టర్‌బ్యాక్‌ది.

కానీ ఇంకో అంకె ఉంది. 562 పాసుల్లో అవతలివాళ్ల చేతికి చిక్కినవి 6. కొత్తవాడు, రోజూ దెబ్బలు తింటూ, ఒకే ఏడాది కోచ్‌లు మారుతుండగా, ఆరు. లాండోవర్‌లో పైసీట్ల నుంచి మనం చూసింది అదే: ఏమీ కుదరని రోజు కూడా బంతిని పారేసుకోడు. లైనుని కొనుక్కోవచ్చు, కోచ్‌ని మార్చొచ్చు. ఆ జాగ్రత్తని బయటినుంచి తెచ్చి పెట్టలేం. 2025 జనవరిలో డెట్రాయిట్ ఆఫెన్స్‌ని నడిపిన బెన్ జాన్సన్ షికాగో హెడ్ కోచ్‌గా వచ్చాడు. మార్చికల్లా లైను మధ్యలో థూనీ, జోనా జాక్సన్, డాల్మన్ చేరారు. మా వాడికి ఆఫర్లు వస్తూనే ఉన్నాయి, ధర ఇంకా తగ్గింది. వాడు అమ్మలేదు. చదువుకునే కుర్రాడు అంత నిబ్బరంగా ఉండటం చూసి నాకు గర్వంగా అనిపించింది.

ఇప్పుడు మళ్లీ నాతో రండి. 2025 అక్టోబరు 13, సోమవారం రాత్రి. అదే స్టేడియం, అవే రెండు జట్లు, అదే ఇద్దరు కుర్రాళ్లు. వాన పడుతోంది. రెయిన్‌కోటు టోపీ లాక్కోండి. మా వాడు ఆ 18వ నంబరు చొక్కా మీదే ప్లాస్టిక్ కోటు తొడుక్కున్నాడు.

పాదాలు చూడండి. విలియమ్స్ పాదాలు. పోయినేడు వెనక్కి వెనక్కి పోయిన మనిషి ఇవాళ నిలబడుతున్నాడు. తల ఒక్కసారి తిరుగుతోంది, బంతి వెళ్లిపోతోంది. అద్భుతాలేమీ లేవు. స్టేడియం ఊగిపోయే పాస్ ఒక్కటీ లేదు. మీకు తేడా తెలుస్తోందా?

డేనియల్స్ కూడా బాగా ఆడుతున్నాడు, మూడు టచ్‌డౌన్ పాసులు వేశాడు. 24-22తో కమాండర్స్ ముందున్నారు. ఇంక మూడు నిమిషాలు కాలాన్ని కరగదీస్తే చాలు. డేనియల్స్ బంతిని రన్నింగ్ బ్యాక్‌కి అందిస్తున్నాడు, తడి బంతి ఇద్దరి మధ్యా జారింది. బేర్స్‌వాళ్లు మీద పడ్డారు. గడియారం అయిపోయేదాకా పరుగులతో నెట్టుకొచ్చి, చివరి క్షణంలో జేక్ మూడీ 38 గజాల నుంచి తన్నాడు. బంతి స్తంభాల మధ్యనుంచి వెళ్లింది. 25-24.

పోయినేడు మెట్లు దిగుతూ వెనక్కి పరిగెత్తుకొచ్చిన జనం ఈసారి మాటల్లేకుండా దిగుతున్నారు. మా వాడి ఫోన్ మోగింది. ఇప్పుడు ఆఫర్ తిరగబడింది. డేనియల్స్ ఉన్నాయన అతణ్ని ఇస్తానంటున్నాడు, బదులు విలియమ్స్‌తోపాటు చిన్న పిక్ ఒకటి అడుగుతున్నాడు. మా వాడు నా మొహం చూశాడు.

"ఇవాళ డేనియల్స్ తప్పు ఏంటి మామయ్యా?"

"తడి బంతి."

"అయితే ఆయన ఎందుకు అమ్ముతున్నాడు?"

నేను జవాబు చెప్పలేదు, వాడికి తెలుసు. పోయినేడు వాడి వేలు బొత్తాం మీద ఎందుకు ఆడిందో ఆయనా అందుకే అమ్ముతున్నాడు.

వాడు ఆ ఆఫర్ తీసుకోలేదు. మూడు వారాలకే, నవంబరు 2న, ఇదే మైదానంలో సియాటిల్ మీద ఆడుతూ డేనియల్స్ ఎడమ మోచెయ్యి తప్పింది. అప్పటికే మోకాలి దెబ్బ ఒకటి, తొడ కండరం పట్టేయడం ఒకటి అయ్యాయి. ఆ సీజన్‌లో 17 ఆటలకి ఏడే ఆడాడు. విలియమ్స్ 3,942 గజాలతో షికాగో చరిత్రలో ఒక సీజన్‌కి రికార్డు రాశాడు, 68 ఉన్నచోట 24 సార్లే పడ్డాడు. బేర్స్ 11-6తో డివిజన్ గెలిచారు.

దీన్నిబట్టి డేనియల్స్ పని అయిపోయిందని రాసేవాళ్లు ఉన్నారు. నేను రాయను. ఆ పాదాల కుదురు మోచేతి దెబ్బతో పోయేది కాదు. అతని విషయంలో నా భయం ఒక్కటే, పరుగు చివర పక్కకి జారి కూర్చోవడం నేర్చుకుంటాడా అని. విలియమ్స్‌ విషయంలో నా భయాలు చాలావరకు తీరాయి. కానీ ఒక మంచి కోచ్ కింద ఒక మంచి ఏడాది అంటే ఇంకా ఒక్క ఏడాదే.

మొదటి రౌండులో వచ్చినవాళ్ల కాంట్రాక్టు నాలుగేళ్లు. మూడో సీజన్ అయ్యాక ఐదో ఏడాది ఉంచుకుంటారా లేదా అన్నది జట్టు తేల్చి చెప్పాలి. 2024 కుర్రాళ్ల విషయంలో ఆ గడువు 2027 మే మొదట్లో. మా మేనల్లుడు ఆ తేదీని క్యాలెండర్‌లో రాసిపెట్టుకున్నాడు.